పంటి ఎక్స్‌రే ఒక్కసారికే సరిగ్గా రావాలంటే

నేను ఓరల్ రేడియాలజీ చదువుకున్న పంటి డాక్టర్ని. విశాఖపట్నం గోపాలపట్నంలో చిన్న క్లినిక్ నడుపుతున్నాను. రెండు కుర్చీలు, గోడకి బిగించిన ఎక్స్‌రే మెషీను, ఒక ఆర్‌వీజీ సెన్సర్ (ఫిల్మ్ బదులు నోట్లో పెట్టేది, బొమ్మ నేరుగా కంప్యూటర్ మీద పడుతుంది) ఉన్నాయి. ఓపీజీ (పళ్ళన్నీ, రెండు దవడలూ ఒకే బొమ్మలో వచ్చే ఎక్స్‌రే), సీబీసీటీ (దవడని త్రీడీలో చూపే స్కాన్) అవసరమైతే చీటీ రాసి ద్వారకానగర్ వైపు సెంటర్లకి పంపిస్తాను. నా దగ్గర పని నేర్చుకునేవాళ్ళు పెందుర్తి, కొత్తవలస, సింహాచలం వైపు నుంచి వస్తుంటారు. కొత్తగా బీడీఎస్ పూర్తిచేసి సొంతంగా క్లినిక్ పెట్టుకోబోయే పిల్లలూ వస్తారు. వాళ్ళకి రోజూ నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. బటన్ నొక్కాల్సింది డాక్టరు, లేదా అందుకు అర్హత ఉన్న టెక్నీషియన్. అసిస్టెంటు పేషెంటుని సిద్ధం చేయాలి, లెడ్ ఏప్రాన్ (రేడియేషన్‌ని ఆపే సీసపు పొర ఉన్న కవచం) అందించాలి, తర్వాత బయటికి వెళ్ళాలి. "డాక్టరుగారు బిజీగా ఉన్నారు, నువ్వే నొక్కెయ్" అని ఎవరైనా అంటే నొక్కనని చెప్పే హక్కు మీకుంది. నా దగ్గర చేరేవాళ్ళకి ఈ మాట మొదటి రోజే చెబుతాను.

ఎక్స్‌రే భద్రత అనగానే అందరికీ లెడ్ ఏప్రాన్ గుర్తొస్తుంది. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది సరిగ్గా రాక మళ్ళీ తీసిన ఎక్స్‌రే. మొదటిది పాడైతే ఆ రేడియేషన్ పేషెంటు ఒంట్లోకి ఊరికే వెళ్ళినట్టు. దాంతో ఎవరికీ ఏ లాభమూ లేదు. ఏప్రాన్ ఆపగలిగే దానికన్నా ఎక్కువ డోసు ఒక్క రీటేక్ తప్పిస్తే మిగులుతుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

ఎంత డోసు?

ఒక చిన్న పంటి ఎక్స్‌రేకి, అంటే ఐఓపీఏకి, పేషెంటుకి అందేది సుమారు 1 నుంచి 8 మైక్రోసీవర్టులు (రేడియేషన్ డోసుని కొలిచే కొలత). ఓపీజీకి సుమారు 4 నుంచి 30. సీబీసీటీకి మెషీనుని బట్టి, ఎంత భాగం తీశామన్నదాన్ని బట్టి చాలా తేడా ఉంటుంది. పదుల్లో మొదలై వెయ్యి దాకా వెళ్ళొచ్చు. ఇంప్లాంటు ఒక్క చోటే వేయాల్సినప్పుడు రెండు దవడలూ కలిపి తీయించకూడదని చెప్పేది అందుకే. చీటీ మీద ఏ పంటి దగ్గర, ఎంత మేర కావాలో స్పష్టంగా రాయండి. ఉత్త "సీబీసీటీ" అని రాసి పంపితే సెంటర్‌లో పెద్ద వాల్యూమే తీసి ఇస్తారు.

వీటిని దేనితో పోల్చి చూడాలి? మట్టి, రాయి, గాలిలోని రేడాన్, అంతరిక్ష కిరణాలు, మనం తినే తిండి, వీటన్నిటి నుంచీ ఏడాదికి ప్రపంచ సగటున ఒక మనిషికి 2.4 మిల్లీసీవర్టులు, అంటే 2,400 మైక్రోసీవర్టులు అందుతాయి. రోజుకి లెక్కేస్తే ఆరున్నర మైక్రోసీవర్టులు. మన భీమిలి తీరంలో నల్ల ఇసుక చూసే ఉంటారు. అందులో మోనజైట్ అనే ఖనిజం ఉంది, దాన్లో థోరియం ఉంది. రేడియేషన్ మనకి కొత్తగా మెషీనుతోనే వచ్చిందేమీ కాదని పేషెంట్లకి ఈ ఉదాహరణతోనే చెబుతాను. భీమిలి తెలియనివాళ్ళు మన దగ్గర ఎవరున్నారు!

డోసు చిన్నదే కదా అని ఎన్నైనా తీయొచ్చని కాదు. ఫలానా డోసు కన్నా తక్కువైతే ప్రమాదం సున్నా అని ఎవరూ గీత గీయలేదు. కాబట్టి ప్రతి ఎక్స్‌రేకీ ఒక కారణం ఉండాలి. ఈ బొమ్మ చూశాక నేను చేయబోయే వైద్యం మారుతుందా? మారదనిపిస్తే తీయను. "ఆరు నెలలకొకసారి అందరికీ తీసేయడమే" అన్న పద్ధతి నాకు నచ్చదు. పుచ్చులు ఎక్కువ వచ్చే నోటికి త్వరగా, శుభ్రంగా ఉన్న నోటికి ఆలస్యంగా తీస్తాను. మనిషిని చూసి నిర్ణయించాలి, క్యాలెండర్‌ని చూసి కాదు.

ఇంకో సంగతి. పాత ఎక్స్‌రే ఉందా అని అడగండి. చాలా ఇళ్ళల్లో ఆ కవరు బీరువా మీదే పడి ఉంటుంది. "ఉంది గానీ తేలేదమ్మా" అంటారు. తొందరేం లేని కేసైతే రేపు తెమ్మనండి. డిజిటల్ ఓపీజీ అయితే తీసిన సెంటర్‌కి ఫోన్ చేసి అసలు ఫైలు పంపమనొచ్చు. ఫిల్మ్‌ని ట్యూబ్‌లైట్ ముందు పట్టుకుని ఫోన్లో తీసిన ఫొటో మాత్రం పనికిరాదు.

పై దవడ పెద్ద పన్ను: ఒకసారి దగ్గరగా

కొత్తవాళ్ళ చేతిలో ఎక్కువ పాడయ్యేది పై దవడ పెద్ద పళ్ళ ఎక్స్‌రే. దాన్ని నేనెలా తీస్తానో మొదటి నుంచీ చెబుతాను.

పేషెంటు లోపలికి రాగానే కళ్ళజోడు, కట్టుడు పళ్ళ సెట్టు తీయిస్తాను. పై ముందు పళ్ళకైతే ముక్కుపుడక కూడా. పన్ను కొన మీద ఆ పుడక తెల్లటి చుక్కలా పడితే ఆ బొమ్మ ఎందుకూ పనికిరాదు. మన వైపు పెద్దవాళ్ళు ముక్కుపుడక తీయడానికి ఇష్టపడరు. తీయాలో లేదో ముందే తేల్చుకోవాలి. వెనక పళ్ళకైతే దాని జోలికి వెళ్ళక్కర్లేదు. అనవసరంగా తీయించి మనసు కష్టపెట్టకండి.

కుర్చీని నిటారుగా చేసి తల వెనక దిండు సర్దుతాను. పై పళ్ళు కొరికే తలం నేలకి సమాంతరంగా ఉండాలి. తర్వాత మెషీన్‌లో కేవీ (కిరణం బలాన్ని నిర్ణయించే వోల్టేజీ), టైము పెట్టుకుంటాను. ఈ పని సెన్సర్ నోట్లో పెట్టకముందే అయిపోవాలి. సెన్సర్ నోట్లో పెట్టి, ఆపైన టైమర్ దగ్గర వెతుక్కుంటూ నిలబడితే పేషెంటుకి వాంతి వచ్చినట్టవుతుంది, కదులుతారు, బొమ్మ పోతుంది. కోను (మెషీను నుంచి కిరణం బయటికి వచ్చే గొట్టం) కూడా అటువైపు దగ్గరగా ముందే తిప్పి ఉంచుకోవాలి.

సెన్సర్‌కి కొత్త కవరు తొడిగి హోల్డర్‌లో బిగిస్తాను. హోల్డర్‌కి నోట్లో కొరికే బైట్ బ్లాక్, నోటి బయట కోనుని ఆనించే రింగు ఉంటాయి. కొత్తవాళ్ళు సెన్సర్‌ని పళ్ళకి ఆనించి పెడతారు. అలా పెడితే అంగిలి వంపుకి అది పక్కకి వాలిపోతుంది. పళ్ళకి దూరంగా, అంగిలి మధ్య లోతుగా ఉన్న చోటికి తీసుకెళ్ళాలి. అక్కడ సెన్సర్ నిటారుగా నిలబడుతుంది, పన్నుకి సమాంతరంగా ఉంటుంది. బైట్ బ్లాక్ పై పళ్ళకి ఆనాక కింద పళ్ళకీ బ్లాక్‌కీ మధ్య చిన్న దూది చుట్ట పెట్టి, "మెల్లగా కొరకండి, గట్టిగా వద్దు" అంటాను. ఆ దూది వల్ల హోల్డర్ కదలదు, పంటికి నొప్పి ఉన్నవాళ్ళు కూడా కొరకగలుగుతారు.

ఇక రింగుని చెంప దాకా జరిపి, కోను అంచుని రింగుకి సరిగ్గా కలపాలి. మధ్యలో వేలు దూరే సందు కూడా ఉండకూడదు. కోను మొత్తం రింగు మీద కూర్చుందో లేదో పక్క నుంచీ చూడాలి, పై నుంచీ చూడాలి. సగం తెల్లగా వచ్చే కోన్ కట్ ఫొటోలు చాలావరకు ఈ రెండో చూపు వేయకపోవడం వల్లే వస్తాయి.

"ముక్కుతో ఊపిరి తీసుకోండి, కదలకండి" అని చెప్పి బయటికి వచ్చి, పేషెంటు ముఖం కనిపించే చోట నిలబడి, బటన్ నొక్కి బీప్ ఆగేదాకా పట్టుకోవాలి. ముందే వదిలేస్తే ఎక్స్‌పోజర్ మధ్యలోనే ఆగిపోతుంది, బొమ్మ వెలిసిపోయినట్టు వస్తుంది. నొక్కేటప్పుడు కంప్యూటర్ వైపు చూడకండి, మనిషిని చూడండి. కదిలితే ఆ క్షణమే మీకు తెలుస్తుంది.

వాంతి ఎక్కువగా వచ్చేవాళ్ళకి ముందు పళ్ళ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్ళండి. నాలుక మీద చిటికెడు ఉప్పు వేస్తే కొందరికి తగ్గుతుంది. లేకపోతే మత్తు స్ప్రే ఉండనే ఉంది. కింది దవడలో నాలుక కింద సెన్సర్ అంచు గుచ్చుకుని నొప్పి పుడుతుంది. గడ్డం కాస్త దించి నాలుక వదులు చేయమంటే ఆ కింది కండరం మెత్తబడి చోటు ఇస్తుంది.

హోల్డర్ లేకుండా పేషెంటు వేలితో సెన్సర్‌ని పట్టించే అలవాటు ఇంకా ఉంది. అది మానేయాలి. వేలు నేరుగా కిరణం దారిలో ఉంటుంది, పైగా వేలి ఒత్తిడికి సెన్సర్ వంగి పన్ను సాగిపోయినట్టు వస్తుంది. డాక్టరు వేలితో పట్టుకోవడం అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే పేషెంటుకి అది ఒక్కసారే, డాక్టరుకి రోజూ. మా సబ్జెక్టు మొదలైన రోజుల్లోనే ఇది తేలిపోయింది. రాంట్‌జెన్ 1895 నవంబరులో ఎక్స్‌రేలు కనిపెట్టాడు. 1896 జనవరిలోనే జర్మనీ డెంటిస్టు ఒట్టో వాల్‌కాఫ్ తన పళ్ళని తానే ఫొటో తీసుకున్నాడు, అందుకు 25 నిమిషాలు పట్టింది. అమెరికాలో న్యూఆర్లీన్స్ డెంటిస్టు ఎడ్మండ్ కెల్స్ ట్యూబు సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి తన చేతినే కిరణానికి అడ్డు పెట్టి చూసుకునేవాడు. ఏళ్ళ తరబడి అలా చేస్తే చేతికి కేన్సర్ వచ్చింది. ముందు వేళ్ళు, ఆపైన చెయ్యి కోల్పోయి 1928లో చనిపోయాడు. అదే కాలంలో బోస్టన్ డెంటిస్టు విలియం రోలిన్స్ ఈ కిరణాలు జంతువుల్ని చంపగలవని 1901లోనే ప్రయోగంతో చూపించి, ట్యూబుని లోహపు పెట్టెలో మూసిపెట్టమని, ఫిల్టర్లు వాడమని చెప్పాడు. ఆయన మాట అప్పట్లో ఎక్కువమంది పట్టించుకోలేదు. ఈ రోజు మన ట్యూబ్ హెడ్ (ఎక్స్‌రే ట్యూబు ఉండే పెట్టె) లోపల ఉన్న లెడ్ కవచం, అల్యూమినియం ఫిల్టరు ఆ దారిలో వచ్చినవే.

బొమ్మ బాగోలేదు. మళ్ళీ తీయాలా?

అందంగా లేని ప్రతి ఎక్స్‌రేనీ మళ్ళీ తీయక్కర్లేదు. చూడాల్సింది కనిపించిందా, అంతే. పంటి వేరు కొన, దాని చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల ఎముక కనిపిస్తే ఐఓపీఏ పని అయిపోయినట్టే. పక్క పన్ను సగం తెగిపోయినా పర్వాలేదు. వేరు కొనే తెగిపోతే మాత్రం వేరే దారి లేదు. అప్పుడు కూడా వెంటనే నొక్కకండి. ఎందుకు తెగిందో కనుక్కున్నాకే రెండోది. పన్ను సాగినట్టు వస్తే కోను కోణం తక్కువైంది, కురచగా వస్తే ఎక్కువైంది, పళ్ళు ఒకదానిమీద ఒకటి పడితే పక్క కోణం తప్పింది. కారణం తెలుసుకోకుండా తీస్తే రెండోది కూడా అలాగే వస్తుంది.

సెన్సర్ వచ్చాక ఈ సమస్య పెరిగిందనే నా అభిప్రాయం. ఫిల్మ్ రోజుల్లో కడిగి ఆరబెట్టి చూడాలి కాబట్టి ఒక్కొక్క ఎక్స్‌రే జాగ్రత్తగా తీసేవాళ్ళం. ఇప్పుడు క్షణంలో స్క్రీన్ మీద పడుతుంది, నచ్చకపోతే మళ్ళీ ఓ క్లిక్. సెన్సర్ వల్ల ఒక్కో ఎక్స్‌రేకి మిగిలిన డోసు రెండు మూడు రీటేకులకే కరిగిపోతుంది. పేషెంట్లు కూడా గమనిస్తారు. "ఇందాకే కదమ్మా తీసారు, మళ్ళీ ఏటి?" అని అడిగిన పెద్దాయన అడగడంలో తప్పు లేదు. ఆయనకి కారణం చెప్పి తీయాలి.

మా క్లినిక్‌లో ఎక్స్‌రే టేబుల్ మీద ఒక నోటుబుక్కు ఉంటుంది. మళ్ళీ తీసిన ప్రతిదీ అందులో రాయాలి: ఏ పన్ను, ఎందుకు పాడైంది, ఎవరు తీశారు. ఎవరినీ తిట్టడానికి కాదు. నెలాఖరున చూస్తే ఒకే తప్పు పదే పదే కనిపిస్తుంది, దాన్ని దిద్దుకుంటాం. మీ దగ్గర ఇంకేమీ మార్చలేకపోయినా ఈ పుస్తకం పెట్టండి.

రూట్ కెనాల్‌లో ఎక్స్‌రేలు ఎక్కువ అవుతాయి: మొదట్లో ఒకటి, కొలతకి ఒకటి, గట్టా పర్చా (వేరు కాలువని నింపే పదార్థం) పెట్టి చూసేటప్పుడు ఒకటి, చివర్లో ఒకటి. ఏపెక్స్ లొకేటర్ (వేరు పొడవుని కొలిచే పరికరం) ఉంటే కొలత కోసం పదే పదే తీయాల్సిన బాధ తప్పుతుంది. క్లినిక్ పెట్టేవాళ్ళు లైటింగు, టైల్స్ మీద ఖర్చు పెట్టేముందు దాన్ని కొనాలి.

ఓపీజీ సెంటర్లలో పనిచేసేవాళ్ళకి మూడే మాటలు. చెవిపోగులు, బుట్టలు తీయించండి, లేకపోతే అవతలి వైపు కాస్త పైకి దాని నీడ మసకగా పడుతుంది. నాలుక అంగిలికి ఆనించి ఉంచమనండి, లేకపోతే పై వేర్ల మీద నల్లటి పట్టీ వస్తుంది. మెడ నిటారుగా సాగదీసి నిలబెట్టండి, లేకపోతే వెన్నెముక నీడ ముందు పళ్ళ మీద తెల్లగా పడుతుంది. ఓపీజీకి థైరాయిడ్ కాలర్ (మెడకి కట్టే లెడ్ పట్టీ) వద్దు, అది కిరణానికి అడ్డం వచ్చి బొమ్మని చెడగొడుతుంది.

మీరు ఎక్కడ నిలబడాలి

మెషీను ప్లగ్గులో ఉన్నంతమాత్రాన రేడియేషన్ రాదు. బటన్ నొక్కిన ఆ సెకను ముక్కలోనే వస్తుంది. లైటు ఆపితే గదిలో వెలుగు మిగలనట్టే, బటన్ వదిలాక గదిలోగానీ పేషెంటు ఒంట్లోగానీ ఏమీ మిగలదు. "ఆ కిరణాలు గదిలోనే ఉండిపోతాయేటమ్మా?" అని అడిగేవాళ్ళకి ఇదే జవాబు.

మీకు వచ్చేది ఎక్కువగా పేషెంటు ముఖం మీద పడి చెదిరిన కిరణం. దూరం పెరిగేకొద్దీ అది వేగంగా తగ్గుతుంది. ఒక మీటరు దూరంలో ఉన్నది రెండు మీటర్లకి నాలుగో వంతు, మూడు మీటర్లకి తొమ్మిదో వంతు అవుతుంది. కాబట్టి కనీసం రెండు మీటర్లు, అంటే ఆరడుగుల పైన దూరం ఉండాలి. కోను ఎటు చూస్తోందో ఆ దిక్కున ఎప్పుడూ నిలబడకూడదు. కిరణం వెళ్ళే దిక్కు నుంచి కొలిస్తే 90 నుంచి 135 డిగ్రీల మధ్య, అంటే పేషెంటుకి పక్కగా, కాస్త మెషీన్ ఉన్న వైపుకి జరిగి నిలబడాలి. నేను నేల మీద రంగు టేపుతో గుర్తు పెట్టాను. అసిస్టెంట్లు అక్కడికి వెళ్ళాకే బటన్ నొక్కుతాను.

బటన్ వైరు ఆ దూరానికి అందాలి. ఒక క్లినిక్‌కి వెళ్ళినప్పుడు వైరు తెగిపోతే ముక్క కోసి అతికించి వాడుతుండటం చూశాను. దానితో ఎక్కడ నిలబడినా పేషెంటుకి ఒక అడుగు దూరమే. కొత్త వైరు కొనిపించేదాకా ఆ మెషీను వాడొద్దని చెప్పి వచ్చాను.

గోడలు చూడండి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ పంటి ఎక్స్‌రేకి గట్టి అడ్డు. కానీ ఇప్పుడు షాపుల్లో, అపార్టుమెంటు కింది అంతస్తుల్లో పెట్టే క్లినిక్కుల్లో గోడ బదులు ప్లైవుడ్డో, జిప్సమ్ బోర్డో ఉంటోంది. దాని వెనకే వెయిటింగ్ బెంచీ, రిసెప్షన్ కుర్చీ. ఆ కుర్చీలో రోజంతా ఒకే అమ్మాయి కూర్చుంటుంది. కోను ఆ దిక్కుకి ఎన్నడూ తిరగకుండా కుర్చీని అమర్చుకోవాలి, లేదా లెడ్ షీటున్న అడ్డు పెట్టుకోవాలి.

పేషెంటుని ఎవరైనా పట్టుకోవాల్సి వస్తే, చిన్న పిల్లలకి అలాంటి అవసరం ఉంటుంది, పట్టుకోవాల్సింది మీరు కాదు. తల్లిగానీ తండ్రిగానీ ఏప్రాన్ వేసుకుని పట్టుకోవాలి. ఆ తల్లి గర్భవతి అయ్యే అవకాశం ఉందా అని ముందు అడగండి. ట్యూబ్ హెడ్‌ని మాత్రం ఎవరూ పట్టుకోకూడదు.

మెషీను

విశాఖలో ఉప్పు గాలి లోహాన్ని వదలదు. కోను పట్టుకునే చెయ్యి కీళ్ళు తుప్పుపట్టి, స్ప్రింగు వదులై, కోను మెల్లగా కిందకి జారిపోతుంటుంది. జారినప్పుడు చెయ్యిపెట్టి ఆపాలనిపిస్తుంది. ఆపకండి. ఆ రోజే సర్వీసు ఇంజనీరుకి ఫోన్ చేయండి. ట్యూబ్ హెడ్ దగ్గర నూనె తడి కనిపిస్తే మెషీను పూర్తిగా ఆపేయాలి, లోపలి ఇన్సులేషన్ నూనె కారుతోందన్నమాట.

కోను ముందు భాగం తెరిచి ఉండాలి, లోపల లెడ్ పూత ఉండాలి. పాత మెషీన్లకి ఉండే మొన తేలిన ప్లాస్టిక్ కోను కిరణాన్ని నాలుగు వైపులా చెదరగొడుతుంది, దాన్ని మార్పించండి. గుండ్రటి కోను కిరణం 6 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే దాని వైశాల్యం 28 చదరపు సెంటీమీటర్లు. సెన్సర్ మాత్రం దాదాపు 3 బై 4, అంటే 12. మిగతాదంతా చెంప మీద ఊరికే పడుతున్నదే. కోనుకి దీర్ఘచతురస్రాకారపు కాలిమేటర్ (కిరణాన్ని సెన్సర్ మేరకి కుదించే అడ్డు) బిగిస్తే డోసు సగానికి పైగా తగ్గుతుంది. ఖరీదు కూడా పెద్దగా ఉండదు. దీన్ని మన దగ్గర చాలా తక్కువమంది వాడుతున్నారు, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. మొదట్లో కోన్ కట్‌లు ఎక్కువ వస్తాయని భయపడతారు. రింగు ఉన్న హోల్డర్‌తో కలిపి వాడితే కొద్ది రోజుల్లో చెయ్యి అలవాటుపడుతుంది.

టైము సంగతి. సమయం రెట్టింపైతే డోసూ రెట్టింపే. మెషీను మీద పెద్దవాళ్ళ బొమ్మ, పిల్లల బొమ్మ ఉంటాయి, పిల్లలకి పిల్లలదే వాడాలి. ఎదిగే వయసులో కణాలు రేడియేషన్‌కి తొందరగా దెబ్బతింటాయి. ఫాస్ఫర్ ప్లేట్లు (తీశాక స్కానర్‌లో పెట్టి చదివే పలకలు) వాడేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి, డోసు ఎక్కువైనా బొమ్మ బాగానే వస్తుంది కాబట్టి తప్పు బయటపడదు. మెల్లమెల్లగా టైము పెరుగుతూ పోతుంది.

చేత్తో పట్టుకునే మెషీన్లు

క్యాంపులకి, మంచం దిగలేని పేషెంట్లకి ఇవి నిజంగా మేలు చేస్తాయి. అరకు, పాడేరు వైపు క్యాంపుకి వెళ్ళేవాళ్ళకి ఇవి లేకపోతే కష్టమే. కానీ ఆన్‌లైన్‌లో తక్కువ ధరకి వచ్చే ఊరూపేరూ లేని మెషీన్లు వేరు. వాటి లోపల లెడ్ కవచం ఎంతుందో తెలియదు. లీకయ్యే కిరణం నేరుగా మీ చేతి వేళ్ళకి, ఛాతీకి వస్తుంది. అమెరికాలో మందుల్ని, వైద్య పరికరాల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2012లోనే ఇలాంటివాటి గురించి హెచ్చరించింది. కొనేముందు ఏఈఆర్‌బీ (మన దేశ అణుశక్తి నియంత్రణ మండలి) టైప్ అప్రూవల్, అంటే ఆ మోడల్‌కి అనుమతి, ఉందా అని చూడండి. లేకపోతే కొనకండి, ఎంత తక్కువకి వచ్చినా సరే.

అనుమతి ఉన్న మెషీనుకి కోను చివర పారదర్శకమైన గుండ్రటి కవచం ఉంటుంది, చెదిరి వెనక్కి వచ్చే కిరణాన్ని అది ఆపుతుంది. దాన్ని తీసేయకండి. మెషీనుని నడుము, ఛాతీ ఎత్తులో నేలకి సమాంతరంగా పట్టుకుంటేనే ఆ కవచం నీడ మీ ఒంటి మీద ఉంటుంది. మెషీనుని వంచే బదులు పేషెంటు తలని వంచండి.

ఏప్రాన్, గర్భం, బ్యాడ్జి

లెడ్ ఏప్రాన్‌ని మడిచి కుర్చీ మీద పడేయకూడదు. మడత దగ్గర లోపలి పొర చీలుతుంది, పైకి కనిపించదు. గుండ్రటి కడ్డీ మీద వేలాడదీయండి. ఏడాదికోసారి దాన్నే ఎక్స్‌రే తీసి చీలికలున్నాయేమో చూడాలి. వానాకాలంలో మన తేమకి బూజు పడుతుంది, సబ్బు నీళ్ళ గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. పంటి ఎక్స్‌రేకి 0.25 మిల్లీమీటర్ల లెడ్‌కి సమానమైనది సరిపోతుంది.

2024లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పేషెంట్లకి ఏప్రాన్, థైరాయిడ్ కాలర్ ఇక అక్కర్లేదని చెప్పింది. ఇప్పటి మెషీన్లలో కిరణం సన్నగా, సరిగ్గా పడుతుంది కాబట్టి ఏప్రాన్ వల్ల పెద్దగా లాభం లేదని, ఒక్కోసారి అది బొమ్మకే అడ్డం వస్తుందని వాళ్ళ వాదన. ఆ వాదన నాకు సరిగ్గానే అనిపిస్తుంది. అయినా కాలిమేటర్ లేని పాత గుండ్రటి కోను వాడే చోట, ముఖ్యంగా పిల్లలకి, కాలర్ వేయమనే చెబుతాను.

గర్భవతికి పన్ను వాచి చీము పట్టి వస్తే ఎక్స్‌రే తీయొచ్చు. కిరణం దవడ మీద పడుతుంది, కడుపులో బిడ్డకి చేరేది లెక్కలోకి రానంత. చీము అలాగే వదిలేయడమే తల్లికీ బిడ్డకీ ఎక్కువ ప్రమాదం. తొందర లేని ఎక్స్‌రేలు మాత్రం కాన్పు తర్వాతకి వాయిదా వేస్తాను, ఆ అమ్మాయి మనసులో భయం ఉండకూడదని.

పనిచేసే అమ్మాయి గర్భవతి అయితే వెంటనే డాక్టరుకి చెప్పాలి. చెప్పిన దగ్గర్నుంచి కాన్పు దాకా బిడ్డకి అందే డోసు 1 మిల్లీసీవర్టు దాటకూడదు. సాధారణంగా రేడియేషన్ పని చేసేవాళ్ళకి పరిమితి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. బయటి జనానికి ఏడాదికి 1. దూరం పాటించే క్లినిక్‌లో ఆ పరిమితికి దరిదాపుల్లోకి కూడా ఎవరూ రారు. ఉద్యోగం పోతుందేమోనని గర్భం దాచిపెట్టే అమ్మాయిలు ఉన్నారు. చెప్పినందుకు ఎవరి ఉద్యోగమూ పోకూడదు, యజమానులు ఆ మాట నోరు తెరిచి ముందే చెప్పాలి.

టీఎల్‌డీ బ్యాడ్జి ఛాతీ దగ్గర, ఏప్రాన్ లోపల పెట్టుకోవాలి. అది రక్షించదు, మీకు అందిన డోసుని కొలుస్తుంది అంతే. మూడు నెలలకోసారి ల్యాబుకి వెళ్తుంది. సాయంత్రం వెళ్ళేటప్పుడు ఎక్స్‌రే గదిలో వదిలేసినా, ఎండలో స్కూటర్ డిక్కీలో పడేసినా ఆ లెక్క మీది కాదు. కంట్రోల్ బ్యాడ్జితో (పోల్చి చూడటానికి ఎవరూ పెట్టుకోకుండా ఉంచేది) కలిపి రేడియేషన్ లేని గదిలో పెట్టండి. ఒకరి బ్యాడ్జి మరొకరు పెట్టుకోకూడదు.

ఫిల్మ్ ఇంకా వాడేవాళ్ళకి

డీ స్పీడ్ ఫిల్మ్‌కి బదులు తక్కువ కిరణంతోనే బొమ్మ వచ్చే ఎఫ్ స్పీడ్ తీసుకుంటే డోసు సగం కన్నా తక్కువకి దిగుతుంది. డెవలపర్‌లో ముంచి, ఎర్ర లైటు కింద కళ్ళతో చూసి, నల్లబడగానే తీసేయడం మానేయండి. అలా చేసేవాళ్ళు తెలియకుండానే ఎక్స్‌పోజర్ టైము పెంచుకుంటూ పోతారు, సగమే డెవలప్ చేసి మిగతా సగం పేషెంటు మీద వేస్తారు. థర్మామీటరు పెట్టి, వేడిని బట్టి గడియారం చూసి తీయాలి. మన మే నెలలో ట్యాంకు నీళ్ళు కాగిపోతాయి, ఆ టైము వేరు, డిసెంబరు టైము వేరు. ఫిక్సర్‌లో వెండి ఉంటుంది, ఫిల్మ్ ప్యాకెట్లో లెడ్ రేకు ఉంటుంది. సింకులో పోసింది కాలువ దాటి సముద్రంలోకే వెళ్తుంది. వాటిని విడిగా డబ్బాల్లో దాచి, తీసుకెళ్ళేవాళ్ళకి ఇవ్వాలి.

కాగితాలు

ఎక్స్‌రే మెషీన్లన్నీ 2004 అణుశక్తి (రేడియేషన్ రక్షణ) నియమాల కిందికి వస్తాయి. ఏఈఆర్‌బీ వారి ఈ-లోరా పోర్టల్‌లో క్లినిక్ పేరుతో నమోదు చేసి అనుమతి తీసుకోవాలి. రెండేళ్ళకోసారి, పెద్ద రిపేరు చేయించినప్పుడల్లా క్వాలిటీ ఎష్యూరెన్స్ పరీక్ష చేయించాలి. కేవీ, టైమరు, లీకేజీ అన్నీ చూసి రిపోర్టు ఇస్తారు. ఆ రిపోర్టు ఫైల్లో పెట్టి ఊరుకోకండి, చదవండి. టైమరు సరిగ్గా లేదని రాసి ఉంటే మీ పేషెంట్లకి అదనంగా వెళ్ళిన డోసు అదే.

పాత మెషీను తీసేసేటప్పుడు తుక్కు బండివాడికి ఇచ్చేయకూడదు, తెలిసిన డాక్టరుకి ఊరికే పంపేయనూ కూడదు. అమ్మినా, పనికిరాకుండా చేసి పారేసినా ముందు ఈ-లోరాలో ఆ సంగతి నమోదు చేయించాలి. కొనుక్కునే డాక్టరు తన పేరున అనుమతి తెచ్చుకున్నాకే మెషీను మీ గుమ్మం దాటాలి.